చుక్కల్లేని నెత్తి

ఛత్తీస్‌గఢ్‌లోని మంగ్లాలో దీపాలు పెట్టే వేళకి చెట్టుతొర్రలోంచి ఓ జంట బయటికొస్తుంది. ముందు పోట్లాడుకుంటున్నట్టు గరగర అరుపులు. తరవాత కరెంటు తీగ మీద తల పైకీ కిందికీ ఊపుతూ మనల్నే చూసే పసుపుపచ్చని కళ్ళు. ఆ కళ్ళను బట్టే తెలుగులో దీన్ని పైడికంటి అన్నారు. జానెడు పిట్ట, 21 సెంటీమీటర్లు. వీధిదీపం చుట్టూ మూగే పురుగులూ చుంచెలుకలూ దీని తిండి. ఇంటి మీద వాలితే అరిష్టమని దీన్ని తరుముతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

దీని చుట్టం ఒకటుంది, అడవి గూబ. దాని కథ మన ఛత్తీస్‌గఢ్‌లోనే మొదలైంది. 1872లో బ్లూయిట్ అనే ఆయన బస్నా ప్రాంతంలో దాన్ని సేకరించాడు. బస్నా ఇప్పుడు మహాసముంద్ జిల్లాలో ఉంది. మరుసటి ఏడాది హ్యూమ్, అంటే తరవాత కాంగ్రెస్ స్థాపనలో పాల్గొన్న హ్యూమే, ఆ పిట్టకు బ్లూయిట్ పేరు పెట్టాడు. 1884 తరవాత అది చాలా ఏళ్ళు దొరకలేదు. ప్రపంచంలోని మ్యూజియాలన్నిట్లో కలిపి దాని చర్మాలు ఏడే.

ఈ రెంటినీ పోల్చుకోవడం కష్టమే. పైడికంటి నెత్తి నిండా తెల్లచుక్కలు చల్లినట్టుంటాయి. అడవి గూబ నెత్తి మీద దాదాపు ఏమీ ఉండవు. దానికి తల పెద్దది, ముక్కు బలమైనది, తోక మీద పట్టీలు వెడల్పు, కాళ్ళ మీద తెల్లటి ఈకలు ఒత్తుగా ఉంటాయి. రొమ్ము గోధుమరంగు, పొట్ట తెలుపు. మన పైడికంటి మసక చీకట్లో వేటాడితే, అది పట్టపగలు టేకు చెట్ల మధ్య బల్లుల్నీ ఎలుకల్నీ పడుతుంది. హ్యూమ్ దాన్ని వేరే ప్రజాతిగా లెక్కగట్టాడు గానీ, 2018లో వచ్చిన జన్యు పరిశోధన రెండూ ఒకే ప్రజాతివని తేల్చింది.

అన్నేళ్ళు అది దొరక్కపోవడానికి ఒక అబద్ధం కూడా కారణం. 1914లో గుజరాత్‌లో తానే కొట్టానని రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే పక్షుల సేకర్త ఒక చర్మం చూపించాడు. నిజానికి అది 1880లలో జేమ్స్ డేవిడ్‌సన్ సేకరించిన పిట్ట. దాన్ని దొంగిలించి, మళ్ళీ కుట్టి, కొత్త చీటీ తగిలించాడు. వెతికేవాళ్ళు ఆ చీటీని నమ్మి లేనిచోట తిరిగారు.

పమేలా రాస్ముసెన్ అనే పక్షిశాస్త్రవేత్త ఆ మోసం పట్టుకుంది. అసలు చీటీల మీదున్న ఊళ్ళకే బయల్దేరింది. 1997 నవంబరు 25 ఉదయం, మహారాష్ట్రలో షహాదా దగ్గరి అడవిలో, తోటి అన్వేషకుడు బెన్ కింగ్ ఒక చిన్న గూబను చూపించాడు. ఆమె గుర్తులన్నీ సరిచూసుకుంది: నెత్తి మీద చుక్కల్లేవు, కాళ్ళకు తెల్లటి ఈకలు. 113 ఏళ్ళ తరవాత అది పగటి వెలుగులో, కొమ్మ మీద కూర్చుని ఉంది.