పసుపుకు రెండు కొలతలు

నిజామాబాద్: యార్డులో పసుపు ధరను కాడి, గోళ, తేమ, రంగు నిర్ణయిస్తాయి. ఎగుమతి సరుకుకు పురుగుమందుల అవశేషం కూడా చూడవలసి ఉన్నది.

మన దేశంలో నమోదు కాని, కోడెక్స్ పరిమితి కూడా లేని మందు అవశేషం సుగంధ ద్రవ్యాల్లో కిలోకు 0.1 మిల్లీగ్రాము మించరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 ఏప్రిల్‌లో నిర్ణయించింది. యూరప్‌లో ప్రత్యేక పరిమితి లేని మందుకు 0.01 మాత్రమే. ఇక్కడ చెల్లిన సరుకు అక్కడి రేవులో నిలిచిపోవచ్చు.

ఈ పరిమితులను ఏకం చేసేందుకు ఐక్యరాజ్య సమితి ఆహార, ఆరోగ్య సంస్థల కోడెక్స్ సంఘం 1963 నుంచి పనిచేస్తున్నది. దాని ప్రమాణాలు ఏ దేశానికీ నిర్బంధం కావు.

కనుక బేరానికి ముందే కొనే దేశపు పరిమితి తెలుసుకొని, లాటువారీగా పరీక్ష చేయించుకొనుట మేలు. వేర్వేరు రైతుల రాశులు కలిపితే ఒక రాశి దోషం లాటంతటికీ చుట్టుకొంటుంది.