జంట తెరల ల్యాప్‌టాప్: ఎవరికి అవసరం, ఎంతవరకు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2020-21 విద్యాసంవత్సరం నుంచి వాడుకలోకి వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పుటమీద ఇంగ్లిషు పాఠం, దాని ఎదుటి పుటమీద అదే పాఠం తెలుగులో అచ్చయి ఉంటుంది. పల్నాడులోని మాచర్లలోనో గురజాలలోనో చదివే విద్యార్థి ఇంగ్లిషు వాక్యం బోధపడక ఆగినప్పుడు, పుట తిప్పకుండా చూపు మాత్రం పక్కకు మరల్చి అర్థం గ్రహించగలగడమే ఆ అమరికలోని ప్రయోజనం. 2022 డిసెంబర్ 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించడంతో పాఠం తెరమీదికి వచ్చింది గాని, చిన్న తెరపై ఒక పుట చదవదగినంత పెద్దదిగా కనబడాలంటే రెండో పుట కనుమరుగు కాక తప్పదు. జంట తెరల పరికరాలు తీర్చదలచినది ఈ లోటునే.

జంట తెరల ల్యాప్‌టాప్ అంటే మామూలు ల్యాప్‌టాప్‌లో కీబోర్డు ఉండే భాగంలో కూడా స్పర్శకు స్పందించే మరో తెరను అమర్చిన యంత్రం. దీనిలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిదానిలో సమానమైన రెండు తెరలు మడతబందుతో కలిసి ఉండి, కీబోర్డు విడిగా వస్తుంది. 2023లో లెనోవో ప్రకటించిన యోగా బుక్ 9ఐ, 2024లో అసుస్ తెచ్చిన జెన్‌బుక్ డ్యుయో ఈ కోవకు చెందినవి. రెండోదానిలో పెద్ద తెరకు తోడుగా కీబోర్డు పైభాగాన వెడల్పాటి పట్టీవంటి చిన్న తెర ఉంటుంది. 2019 నాటి జెన్‌బుక్ ప్రో డ్యుయో దీనికి ఉదాహరణ. ఒకే తెర మధ్యకు మడతపడే యంత్రాలు వీటికి దగ్గరి బంధువులే అయినా వాటి నిర్మాణం వేరు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 2010లో తోషిబా ఏడేసి అంగుళాల రెండు తెరలతో లిబ్రెట్టో డబ్ల్యు100ను, ఆ తర్వాత ఏసర్ పద్నాలుగేసి అంగుళాల తెరలతో ఐకోనియాను తెచ్చాయి గాని, అవి మార్కెట్లో నిలదొక్కుకోలేదు. ఐకోనియా బరువు మూడు కిలోలకు చేరువగా ఉండటం, బ్యాటరీ త్వరగా అయిపోవడం, అసలు కీబోర్డు లేక గాజుమీదే టైపు చేయవలసి రావడం వాడుకదారులను ఇబ్బంది పెట్టాయి. 2019 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన సర్ఫేస్ నియో అమ్మకానికే రాలేదు. పలుచని ఓఎల్‌ఈడీ తెరలు, తక్కువ విద్యుత్తుతో పనిచేసే ప్రాసెసర్లు, బ్లూటూత్‌తో పనిచేసే విడి కీబోర్డు సమకూరిన తర్వాతనే ఈ యంత్రాలు నిత్యం మోసుకుపోదగినవయ్యాయి. రెండు పద్నాలుగు అంగుళాల తెరలున్న 2024 నాటి జెన్‌బుక్ డ్యుయో కీబోర్డుతో కలిపి సుమారు 1.65 కిలోలే తూగుతుంది.

రెండో తెర వల్ల కలిగే మేలుకు మూలం మనిషి జ్ఞాపకశక్తి స్వభావంలో ఉంది. తెరపై ఒక విండోలో చూసిన అంకెను మరో విండోలో నమోదు చేసేవారు ఆ కొద్ది క్షణాలు దానిని మనసులో మోయవలసి ఉంటుంది. అంకెలు పెరిగేకొద్దీ పొరపాట్లకు అవకాశం పెరుగుతుంది. పిడుగురాళ్ల నుంచి లారీలో సున్నం పంపే వ్యాపారి, సరుకు విలువ 50,000 రూపాయలు దాటినప్పుడు, జీఎస్టీ బిల్లులోని వివరాలను ఈ-వే బిల్లు పోర్టల్‌లో నింపవలసి వస్తుంది. బిల్లు ఒక తెరమీద, పోర్టల్ మరో తెరమీద ఉంటే ఆ పని వేగంగానే కాక నిక్కచ్చిగా కూడా సాగుతుంది. నరసరావుపేటలోని ఇంజినీరింగ్ కళాశాలల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి పాఠం ఒకవైపు, రాసే కోడ్ మరోవైపు ఉండటం ఇటువంటి సౌకర్యమే. ఆధార్ నమోదు కేంద్రాల్లో దరఖాస్తుదారుని వైపు మరో మానిటర్ ఉంచాలన్న నియమం ఈ ప్రయోజనానికి మరో ముఖం చూపుతుంది: ఆపరేటర్ టైపు చేసిన పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేవో ఎదుటివారు అక్కడికక్కడే సరిచూసుకోగలుగుతారు.

తెలుగు రాసేవారికి కింది తెర మరో విధంగా అక్కరకు వస్తుంది. మామూలు కీబోర్డుపై ఇంగ్లిషు అక్షరాలే అచ్చయి ఉండగా, తెరమీద కనిపించే కీబోర్డు తెలుగు అక్షరాలనే చూపగలదు కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక కొత్తగా నేర్చుకునేవారికి అది తోడ్పడుతుంది. అయితే గాజుమీద వేలికి మీట తగిలిన ఆనవాలు తెలియదు. పుటలకొద్దీ టైపు చేసే డీటీపీ ఆపరేటర్‌కు నిజమైన మీటలున్న కీబోర్డే మేలు.

పల్నాడు వంటి ప్రాంతంలో వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలా ల్యాప్‌టాప్‌లకు తయారీదారులు సూచించే పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ వరకే కాగా, మండుటెండలకు పేరుపడిన రెంటచింతలలో వేసవి పగళ్లు నలభై డిగ్రీలు దాటడం సాధారణం. రెండు తెరలూ వెలుగుతున్నప్పుడు విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది, యంత్రం ఎక్కువగా వేడెక్కుతుంది. వేడికి లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. కరెంటు తరచుగా పోయే ఊళ్లలో బ్యాటరీతో పనిచేసేటప్పుడు ఒక తెరను ఆర్పి ఉంచడమే మంచిది.

అన్నింటికంటే పెద్ద అడ్డంకి ధర. జెన్‌బుక్ డ్యుయో 2024లో భారతదేశంలో విడుదలైనప్పుడు ప్రారంభ ధరే దాదాపు 1.6 లక్షల రూపాయలు. తెర పగిలితే మరమ్మతు ఖర్చు కూడా భారీగానే ఉంటుంది. అదే ప్రయోజనంలో చాలా భాగాన్ని తక్కువ ఖర్చుతో పొందే మార్గాలున్నాయి. విండోస్ కంప్యూటర్‌లో విండోస్ మీటతో పాటు ఎడమ లేదా కుడి బాణం మీట నొక్కితే తెర రెండు భాగాలై రెండు పనులు పక్కపక్కన నిలుస్తాయి. 2015 నుంచి ఐప్యాడ్లలోనూ, 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ట్యాబ్‌లలోనూ తెరను ఇలా విభజించే వీలుంది. ఇంట్లోనో దుకాణంలోనో ఒకేచోట పనిచేసేవారు ఉన్న ల్యాప్‌టాప్‌కే హెచ్‌డీఎంఐ తీగతో ఒక మానిటర్ తగిలిస్తే, జంట తెరల యంత్రం ఇచ్చేదానికంటే విశాలమైన రెండో తెర, దాని ధరలో చిన్న భాగానికే లభిస్తుంది.

అందువల్ల ఊరూరా తిరుగుతూ, ఎక్కడ కూర్చున్నా రెండు పత్రాలను పక్కపక్కన చూడక తప్పని ఆడిటర్లకు, అనువాదకులకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు జంట తెరల ల్యాప్‌టాప్ పెట్టుబడికి తగిన పనిముట్టు. విద్యార్థులకు, చిన్న వ్యాపారులకు, గ్రామ సచివాలయాలకు మామూలు ల్యాప్‌టాప్, ఒక విడి మానిటర్ చాలు. పిల్లల చదువు కోసం కంప్యూటర్ కొనదలచిన తల్లిదండ్రులు ముందుగా ఉన్న తెరను రెండుగా విభజించి వాడటం పిల్లలకు నేర్పాలి. అది చాలదని అనుభవంలో తేలినప్పుడే మరో తెరకు డబ్బు వెచ్చించాలి.