టెంప్లేట్ దించుకుంటే యాప్ సిద్ధమైనట్టేనా?

పైథాన్‌లో వెబ్ యాప్ మొదలుపెట్టడానికి ఖాళీ ఫోల్డర్ ముందు కూర్చోవాల్సిన రోజులు పోయాయి. ఒక్క కమాండ్ కొడితే లాగిన్, డేటాబేస్, టెస్టులు, డాకర్ ఫైళ్లు అన్నీ వచ్చి చేరతాయి. అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ పైథాన్ కోర్సు పూర్తిచేసి తొలి ప్రాజెక్టుకు దిగే కుర్రాళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే ఈ ప్రాజెక్ట్ టెంప్లేట్ల గురించి చలామణిలో ఉన్న మాటల్లో కొన్ని నిజం కావు, కొన్ని సగమే నిజం.

అపోహ: టెంప్లేట్ వాడటం అడ్డదారి, నిజమైన ప్రోగ్రామర్ అంతా సొంతంగా రాసుకోవాలి.

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో నేర్చుకునేవారు మొదటి రోజే కొట్టే స్టార్ట్‌ప్రాజెక్ట్ కమాండ్ చేసే పని ఏమిటి? జాంగోతోపాటే వచ్చే ఒక చిన్న టెంప్లేట్‌ను మన ఫోల్డర్‌లోకి నకలు చేయడమే. దాని బదులు సొంత టెంప్లేట్ ఇచ్చే వీలు 2012లో వచ్చిన 1.4 వెర్షన్ నుంచే ఉంది. మరుసటి ఏడాది ఆడ్రీ రాయ్ గ్రీన్‌ఫెల్డ్ కుకీకటర్ అనే పనిముట్టును తెచ్చారు. అది ముందు ప్రశ్నలు అడుగుతుంది, జవాబులను బట్టి ఫైళ్లు తయారుచేస్తుంది. డేనియల్ రాయ్ గ్రీన్‌ఫెల్డ్ మొదలుపెట్టిన కుకీకటర్ జాంగో టెంప్లేట్ దాని మీదే నడుస్తుంది. అంటే ఇది కొత్తవాళ్ల కోసం పుట్టింది కాదు. ప్రతి ప్రాజెక్టుకూ అదే పని మళ్లీ మళ్లీ చేసి విసిగిన అనుభవజ్ఞులు తమ కోసం చేసుకున్న ఏర్పాటు.

అపోహ: పేరున్న టెంప్లేట్ కదా, భద్రత సంగతి వాళ్లే చూసుకుని ఉంటారు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. 2018లో ఫాస్ట్‌ఏపీఐ అనే మరో పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను విడుదల చేసిన సెబాస్టియన్ రామిరెజ్ దానికి జోడీగా ఒక ఫుల్‌స్టాక్ టెంప్లేట్ కూడా ఇచ్చారు. ఇప్పుడు అందులో వెనక ఫాస్ట్‌ఏపీఐ, పోస్ట్‌గ్రెస్, ముందు రియాక్ట్. దాని ఎన్వ్ ఫైల్ తెరిస్తే సీక్రెట్ కీ, డేటాబేస్ పాస్‌వర్డ్, మొదటి అడ్మిన్ పాస్‌వర్డ్, మూడింటికీ ఒకే విలువ కనిపిస్తుంది: ఛేంజ్‌దిస్. ఆ కోడ్ గిట్‌హబ్‌లో లోకమంతా చూసేదే. అందుకే తయారుచేసినవారు ఒక కాపలా పెట్టారు. సొంత కంప్యూటర్‌లో నడుపుతుంటే హెచ్చరికతో వదిలేస్తుంది. ఎన్విరాన్‌మెంట్‌ను స్టేజింగ్ అనో ప్రొడక్షన్ అనో పెడితే మాత్రం ఆ మూడు విలువలూ మార్చేదాకా యాప్ మొదలవ్వనే అవ్వదు. చక్కని ఏర్పాటే. కానీ సర్వర్ మీద కూడా ఎన్విరాన్‌మెంట్‌ను లోకల్ అనే వదిలేస్తే ఆ కాపలా హెచ్చరికకే పరిమితమవుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ తెలియనివాడుండడు.

అదే టెంప్లేట్ సెట్టింగ్స్‌లో ఇంకో వరస ఉంది: అరవైని ఇరవై నాలుగుతో, దాన్ని ఎనిమిదితో గుణించిన అంకె. ఒకసారి లాగిన్ అయితే ఆ టోకెన్ 11,520 నిమిషాలు, అంటే ఎనిమిది రోజులు చెల్లుతుంది. పుస్తకాల జాబితా రాసుకునే యాప్‌కు అది సౌకర్యం. ఉద్యోగుల జీతాలు చూపించే యాప్‌లో, ఎవరో లాగిన్ చేసి వదిలి వెళ్లిన కంప్యూటర్‌లో అదే గడువు పెద్ద ముప్పు. పైగా లాగిన్ లేకుండానే ఎవరైనా ఖాతా తెరుచుకునే సైన్‌అప్ దారి కూడా అందులో ఉంటుంది. ఆఫీసు లోపలి పనికి కట్టే యాప్‌లో ఆ దారిని మూయాల్సింది మనమే. ఇవి టెంప్లేట్ లోపాలు కావు. ఆ యాప్‌ను రేపు ఎవరు వాడతారో టెంప్లేట్ రాసినవారికి తెలిసే వీలు లేదు.

జాంగోదీ ఇదే పద్ధతి. 3.2 వెర్షన్ నుంచి స్టార్ట్‌ప్రాజెక్ట్ ఇచ్చే సీక్రెట్ కీ ముందు జాంగో ఇన్‌సెక్యూర్ అని రాసే ఉంటుంది, డీబగ్ ఆన్‌లోనే ఉంటుంది. చెక్ కమాండ్‌ను డిప్లాయ్ ఆప్షన్‌తో నడిపితే ఇలాంటివన్నీ వరసపెట్టి చూపిస్తుంది. సర్వర్ ఎక్కించే ముందు ఆ కమాండ్ కొట్టకపోవడానికి ఏ సాకూ లేదు.

అపోహ: ముందు ఏదో ఒక టెంప్లేట్‌తో మొదలుపెడదాం, నచ్చనివి తర్వాత మార్చుకోవచ్చు.

రంగులు మార్చుకోవచ్చు, ఫోల్డర్ల పేర్లు మార్చుకోవచ్చు. యూజర్ మోడల్ అలా కాదు. జాంగోలో మామూలుగా వచ్చే యూజర్ మోడల్‌కు యూజర్‌నేమ్ తప్పనిసరి, ఫోన్ నంబర్‌కు చోటే లేదు. మన దగ్గర జనం మొబైల్ నంబర్, ఓటీపీలతో లాగిన్ అవ్వడానికి అలవాటుపడ్డారు. ఆర్నెల్లు నడిచాక ఆ మార్పు చేద్దామంటే ఆర్డర్లు, చెల్లింపులు, వ్యాఖ్యలు అన్ని టేబుళ్లూ పాత యూజర్ టేబుల్‌నే పట్టుకుని ఉంటాయి. ఇంటి పునాది మార్చినంత పని అది. అందుకే కొత్త ప్రాజెక్టులో మొదటే సొంత యూజర్ మోడల్ పెట్టుకోవాలని జాంగో డాక్యుమెంటేషన్ గట్టిగా సిఫార్సు చేస్తూ వచ్చింది. స్టార్ట్‌ప్రాజెక్ట్ ఆ పని చేయదు, కుకీకటర్ జాంగో చేస్తుంది. టెంప్లేట్ ఎంచుకునేటప్పుడు చూడాల్సిన తేడాలు ఇలాంటివి.

అపోహ: టెంప్లేట్‌లో ఉన్నవన్నీ ఉండి తీరాలి.

అక్కర్లేదు. రోజుకు నాలుగు మెయిళ్లు పంపే యాప్‌కు నేపథ్యంలో పనులు నడిపే సెలెరీ, రెడిస్ ఎందుకు? కుకీకటర్ జాంగో సెలెరీ కావాలా అని ముందే అడుగుతుంది, వద్దంటే దాని ఫైళ్లు తీసేస్తుంది. అడగని టెంప్లేట్లలో మనమే తీసేసుకోవాలి. వాడని ప్రతి సర్వీసుకూ మెమరీ ఖర్చు, అప్‌డేట్ల బాధ్యత తప్పవు.

అపోహ: టెంప్లేట్ మెరుగుపడితే దానితో కట్టిన యాప్ కూడా మెరుగుపడుతుంది.

జాంగోలోనో ఫాస్ట్‌ఏపీఐలోనో లోపం బయటపడితే వెర్షన్ పెంచితే సరిపోతుంది, ఎందుకంటే అవి లైబ్రరీలు. టెంప్లేట్ నుంచి వచ్చిన లాగిన్ కోడ్ మాత్రం నకలు. దించుకున్న క్షణం నుంచీ అది మనదే, దాని మరమ్మతూ మనదే. రామిరెజ్ టెంప్లేటే ఒకప్పుడు ముందు భాగంలో వ్యూతో ఉండేది, తర్వాత రియాక్ట్‌కు మారింది. పాతదానితో కట్టిన యాప్‌లు మాత్రం వ్యూతోనే ఉన్నాయి.

కుకీకటర్‌కు ఈ విషయంలో సొంత ఏర్పాటు లేదు, ఆ లోటును క్రఫ్ట్ అనే పనిముట్టు కొంత పూడుస్తుంది. కాపియర్ అనే మరో టెంప్లేట్ పనిముట్టుకు అప్‌డేట్ కమాండ్ ఉంది. మొదట్లో ఇచ్చిన జవాబులను ఒక ఫైల్‌లో దాచుకుని, పాత టెంప్లేట్‌కూ కొత్తదానికీ తేడా చూసి, మన మార్పులు పోకుండా కలపడానికి ప్రయత్నిస్తుంది. కొత్త టెంప్లేటూ మనమూ ఒకే వరసను మార్చి ఉంటే ఏది ఉంచాలో మనల్నే తేల్చమంటుంది. ఆ సౌకర్యాలేవీ లేని టెంప్లేట్ తీసుకుంటే, ఏ రోజు, ఏ కమిట్ నుంచి తీసుకున్నారో రీడ్‌మీలో ఒక వరస రాసిపెట్టుకోవాలి. ఏడాది తర్వాత లాగిన్ కోడ్‌లో ఏం మారిందో గిట్‌హబ్‌లో పోల్చి చూడటానికి ఆ వరసే ఆధారం.