మునిసిపల్ ఆఫీసూ - మన కథకులూ

లంచం మీద మన భాషలో కథలకు కొరత లేదు. బల్లకింది చెయ్యి, నవ్వే గుమాస్తా, చెప్పులు అరిగేలా తిరిగే పేదవాడు, చివర ఒక నిజాయితీపరుడి బదిలీ - ఈ నాలుగూ కలిస్తే కథ తయారు. వాటిని రాసినవారి చిత్తశుద్ధిని నేను శంకించను. ఒకప్పుడు నేను మెచ్చుకొని పిల్లలకు చదివి వినిపించినవీ వాటిలో ఉన్నాయి. కాని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో అందరిదీ అయిన స్థలం, అందరిదీ అయిన డబ్బు కొద్దిమంది చేతికి చేరే పద్ధతి ఈ కథల్లో కనబడదు. చాలాసార్లు లంచం ఆఖరి అంకం మాత్రమే. అసలు నాటకం అంతకుముందే, పైకి ఏ చట్టాన్నీ మీరకుండా, ముగిసిపోతుంది. ఆ నాటకం ఎట్లా నడుస్తుందో తెలుసుకోకుండా దానిమీద కథ రాయబూనటం, దుక్కి ఎప్పుడు దున్నుతారో తెలియకుండా రైతు కథ రాయటం వంటిదే.

ముందు ఊళ్ళ సంగతి. హైదరాబాదు-విజయవాడ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరయింది. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా కేంద్రమయింది. కోదాడ ఆ జిల్లాలోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. ఇటువంటి ఊళ్ళ అంచుల్లో ఎకరాల లెక్క గజాల లెక్కగా మారుతుంది. ఆ మార్పు నాగలితో జరగదు, గొడ్డలితో జరగదు. కాగితం మీద జరుగుతుంది. అందుచేత కాగితం ఎవరి చేతిలో ఉన్నదన్నది ఇక్కడ వర్గ ప్రశ్న.

ఈ నేలకు ఇది కొత్త పాఠం కాదు. సాయుధ పోరాట కాలంలో గడీల మీదికి నడిచిన జనం ధాన్యపు గాదెలతోపాటు అప్పు పత్రాలనూ భూమి దస్త్రాలనూ వెతికి తగలబెట్టారు. తమను కట్టివేసింది తాడు కాదనీ, ఆ కట్టలనీ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లో దొర ఒక్కడే దేవుడు కాడు, దస్త్రం దగ్గరున్న కరణమూ ఒక దేవుడే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. దస్త్రం పట్వారీ ఇంటి దూలం మీదినుంచి ఆఫీసు బీరువాలోకి వచ్చింది. బీరువా తాళం చెవి ఎక్కడికి వచ్చిందన్న సంగతిని మాత్రం మన కథ అంత శ్రద్ధగా వెంబడించలేదు.

ఇక పని జరిగే తీరు. కౌన్సిలు సమావేశానికి ఎజెండా ముందుగా సభ్యులకు అందాలి. సమావేశంలో చర్చ జరగాలి. తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి. టెండరు పిలవాలి. ఆ తరువాతే పని. ఇది నియమం. దీన్ని పగలగొట్టనక్కరలేదు, పక్కనుంచి పోవటానికి కాలిబాటలున్నాయి. మొదటిది 'టేబుల్ ఎజెండా'. ముందుగా పంపిన కాగితంలో లేని అంశాన్ని సమావేశం రోజున, టీ గ్లాసులతోపాటు, బల్లమీద పెడతారు. చదివే వ్యవధి ఉండదు, ఆమోదించే వ్యవధి మాత్రం ఉంటుంది. రెండోది 'ర్యాటిఫికేషన్'. పని అయిపోతుంది, బిల్లు కూడా తయారవుతుంది, అప్పుడు కౌన్సిలును అనుమతి అడుగుతారు. కాదంటే కట్టిన గోడను కూలగొడతారా? మూడోది పనిని ముక్కలు చెయ్యటం. ఒక మురికి కాలువను ఐదు ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్క టెండరు పరిమితికి లోబడి వస్తుంది, నామినేషన్ మీద ఇచ్చుకోవచ్చు. కాగితం మీద ఐదుగురు కాంట్రాక్టర్లు. కాలువ దగ్గర మేస్త్రీ ఒక్కడే, కంకర కలిపే మిల్లరూ ఒక్కటే. పునాది లోతు ఎంతో ఇంజనీరు కొలతల పుస్తకంలో రాస్తాడు. మట్టి కప్పిన తరువాత ఆ లోతు భూమిలో ఉండదు, ఎంబుక్కులోనే ఉంటుంది. వీటన్నిటి నెత్తిన 'అత్యవసరం' అనే మాట. వరద కోసం, కలరా కోసం పుట్టిన ఆ మాట నడివేసవిలో సిమెంటు బెంచీలు కొనటానికి కూడా పనికివస్తుంది.

ఈ పద్ధతులు ఫలానా ఊరివని నేను అనటం లేదు. ఎక్కడ పౌరులు సమావేశాలకు పోవటం మానుకున్నారో అక్కడల్లా ఇవి ఉంటాయి.

ఒక చిన్న అనుభవం చెబుతాను, ఊరి పేరు అనవసరం. ఒక కాలనీలో లేఅవుటు నక్షాలో బడికీ పార్కుకూ వదిలిన జాగా ఉండేది. మా బడి పిల్లలు అక్కడే ఆడుకునేవాళ్ళు. ఒక ఉదయం అక్కడ ముగ్గు పోసి ఉంది. అడిగితే, జాగా వినియోగం మార్పు గురించి నోటీసు పెట్టాం, నెలరోజుల్లో అభ్యంతరం రాలేదు అన్నారు. నోటీసు ఎక్కడ పెట్టారని చూడబోతే, నిజంగానే ఉంది. నోటీసు బోర్డుకు అడ్డంగా ఎవరో పాత ఇనుప బీరువా జరిపారు. బీరువాకూ బోర్డుకూ మధ్య జానెడు సందు. ఆ సందులో తల పెట్టి చదివాను. భాష నిర్దుష్టంగా ఉంది.

తెలుగు పంతులును గనుక ఆ భాష దగ్గర కాస్త ఆగుతాను. 'చర్చించిన మీదట ఏకగ్రీవముగా ఆమోదించడమైనది.' ఇందులో కర్త ఏడీ? 'తగు చర్య తీసుకొనబడును.' తీసుకునేది ఎవరు? 'అభ్యంతరములు స్వీకరించబడలేదు' అన్నప్పుడు, రాలేదనా, వస్తే పుచ్చుకోలేదనా? కర్మణి ప్రయోగం తెలుగు మాటతీరుకు సహజం కాదని పిల్లలకు బోధిస్తాము. ఆఫీసులో అదే రాజ్యమేలుతుంది. బాధ్యత వహించవలసిన మనిషి వాక్యంలోనుంచే తప్పించుకుంటాడు. గిడుగువారి వ్యావహారిక ఉద్యమం పత్రికలను గెలిచింది, పాఠ్యపుస్తకాలను గెలిచింది, కచేరీ గుమ్మం దగ్గర ఆగిపోయింది. 1966 అధికార భాషా చట్టం వచ్చినా వచ్చింది తెలుగు లిపే గాని ప్రజల తెలుగు కాదు. మన ప్రాంతపు అర్జీ, నకలు, మంజూరు, దాఖలా వంటి మాటలు పరాయి నేలనుంచి వచ్చినవైనా కూలివాడి నోట కూడా నలిగాయి. వాటిని తోసేసి తెచ్చుకున్న 'బడును'లు ఎవరి నోటా నలగలేదు. కర్తలేని వాక్యం వెనుక కర్తను పట్టుకోవటమే కథకుడి పని అని నేను అనుకుంటాను. విద్యార్థులు ఎవరైనా దీనిమీద పరిశోధన చేస్తే బాగుండును.

పెద్ద ఉదాహరణ కావాలంటే కామారెడ్డి ఉంది. 2022 నవంబరులో ఆ మునిసిపాలిటీకి ముసాయిదా మాస్టర్ ప్లాన్ ప్రకటించి, అభ్యంతరాలకు అరవై రోజులు గడువు పెట్టారు. నియమం పాటించినట్టే. కాని మాస్టర్ ప్లాన్ అంటే రంగుల నక్షా. పసుపు ఇళ్ళకు, ఊదా పరిశ్రమలకు, ఆకుపచ్చ మరొకదానికి. తన మడి ఏ రంగులో పడిందో రైతు ఎట్లా తెలుసుకుంటాడు? తెలుసుకునేసరికి గడువు చివరికి వచ్చింది. 2023 జనవరి మొదటివారంలో ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు, వేలమంది కలెక్టరేటును ముట్టడించారు. జనవరి 20న కౌన్సిలు ఆ ముసాయిదాను ఉపసంహరించాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అట్లాగే వెనక్కి తగ్గారు. ఒక నిండుప్రాణం పోతే తప్ప నక్షా విప్పి చెప్పాలని ఎవరికీ తోచకపోవటం ఇక్కడి అసలు విషయం. ఆ అరవై రోజుల మీద మనకు నవల రావలసింది.

మిర్యాలగూడ పక్కనే మరొకటి ఉంది. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015 జూన్‌లో పునాదిరాయి వేశారు. 2017లో పర్యావరణ అనుమతి వచ్చింది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం ఆ అనుమతిని నిలిపివేసి మళ్ళీ అధ్యయనం చెయ్యమన్నది. 2024 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగింది. అప్పటికి నిర్మాణం ఎంతో దూరం నడిచింది. నిలిచి ఉన్న పొగగొట్టాల నీడలో, కేంద్రం కట్టవచ్చునా అని ప్రజలను అడిగారు. ఇది మునిసిపాలిటీ వ్యవహారం కాదు, స్థాయి వేరు. కాని కట్టిన గోడకు అనుమతి అడిగే ఆ చిన్న 'ర్యాటిఫికేషన్' కూ దీనికీ స్వభావంలో తేడా నాకు కనబడదు.

సాహిత్యం ఈ స్వభావాన్ని పట్టుకోలేదా? పట్టుకున్నది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో అన్యాయం రాత్రిపూట, చాటుగా జరగదు. ఊరందరి ముందు, పెద్దమనుషుల పంచాయతీలో, అప్పు లెక్క అణా పైసలతో తేల్చి మరీ జరుగుతుంది. శ్రీరాములు నాయుడు లంచగొండి కాడు, ధర్మాత్ముడు. అందుకే ఆ కథ అంత భయంకరం. పద్ధతి పాటించటం ద్వారానే ఒక కుటుంబం నాశనమవుతుంది. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో చట్టం ఒక వ్యాపారంగా కనిపిస్తుంది. ఇబ్సెన్ 1882లో రాసిన 'ప్రజాశత్రువు' నాటకంలో ఊరి స్నానఘట్టాల నీళ్ళు కలుషితమని చెప్పబోయిన డాక్టరు నోరు ఎట్లా మూయిస్తారు? కొట్టి కాదు. అతను పిలిచిన సభకే అధ్యక్షుణ్ణి ఎన్నుకొని, ఆ విషయం మాట్లాడరాదని ఓటు వేసి. మునిసిపల్ సమావేశానికి ఒక్కసారి పోయినవాడికి ఆ అంకం పరాయిదేశపుదిగా తోచదు. శ్రీలాల్ శుక్లా 1968 నాటి హిందీ నవల 'రాగ్ దర్బారీ'లో ఒక కుంటివాడు లంచం ఇవ్వకుండా, నియమం ప్రకారమే ఒక నకలు సంపాదిస్తానని తిరుగుతాడు. అతణ్ణి ఆఫీసు తిట్టదు, తరమదు. నియమాలు చూపిస్తూ ఉంటుంది, అంతే. మన లంచం కథల్లో లోపించింది ఈ చూపు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, న్యాయమైనదే. నియమం, నియమం అంటున్నారు, పేదవాడు ప్రభుత్వ భూమిలో గుడిసె వేసుకున్నప్పుడు కూడా నియమమే అడ్డు వచ్చింది గదా, అప్పుడు మనం గుడిసె పక్షాన నిలిచాం గదా అని. నిలిచాం, నిలుస్తాం. గుడిసెవాడు పగటివేళ, జెండా పాతి, అందరూ చూస్తుండగా నియమాన్ని ధిక్కరిస్తాడు. పోలీసు దెబ్బలు తన ఒంటిమీదే తింటాడు. లేఅవుటువాడు నియమాన్ని ధిక్కరించడు, దాని చేతనే పని చేయించుకుంటాడు. ఆ పని కాకపోతే కొన్నేళ్ళు ఆగుతాడు, క్రమబద్ధీకరణ వస్తుంది. 2008లో వచ్చింది, 2015లో వచ్చింది, 2020 ఆగస్టులో 131వ నంబరు జీవోతో వచ్చింది. ఆ చివరిదానికి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. వాటిలో ఎక్కువ అప్పుచేసి వంద, రెండువందల గజాలు కొనుక్కున్న చిన్న ఉద్యోగులవి. వాళ్ళకు ప్లాటు అమ్మి, రోడ్డూ పార్కూ వదలకుండా పోయినవాడు ఆ వరుసలో నిలబడడు. జరిమానా కొన్నవాడిది, లాభం అమ్మినవాడిది. కథకుడు వీళ్ళిద్దరినీ ఒకే 'అక్రమం' కింద జమకట్టకూడదు.

కాగితాన్ని తగలబెట్టటం కాక, బహిరంగంగా చదివించటం ఇంకొక దారి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 చివరినుంచి పల్లెల్లో పని మస్టర్లు జనం ముందు చదివింది. చచ్చిపోయినవాళ్ళ పేర్లు కూలీల జాబితాలో వినబడ్డాయి. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. 2005 సమాచార హక్కు చట్టానికి అదొక మూలం. మన దగ్గర 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ సభలు జరిగాయి. పట్టణాలకు మాత్రం ఆ అలవాటు రాలేదు. 2019 మునిసిపల్ చట్టం వార్డు కమిటీలు పెట్టమంది, కౌన్సిలు మీద కలెక్టరుకు అధికారాలూ పెంచింది. 2025 జనవరిలో పాలకవర్గాల గడువు తీరి ప్రత్యేకాధికారులు వచ్చినప్పుడైతే ఎజెండా పంపటానికి సభ్యులే లేకపోయారు.

కిందటేడు మా పూర్వ విద్యార్థి ఒకడు ఒక కథ తెచ్చి చూపాడు. నాయకుడు మునిసిపల్ నోటీసును చించి పారేయటంతో ముగుస్తుంది. నోటీసు ఎక్కడ అంటించారు, ఏ తీర్మానం మీద, ఎన్నిరోజుల గడువుతో అని అడిగాను. తెలియదన్నాడు. పది రూపాయలు కట్టి తమ వార్డు మీద జరిగిన పదకొండు తీర్మానాల నకళ్ళకు దరఖాస్తు పెట్టాడు. ముప్ఫైరోజులు దాటాక నాలుగు వచ్చాయి. నాలుగింటిలోనూ 'ఏకగ్రీవముగా' అని ఉంది. ఆ నలుగు రోజులూ సమావేశానికి రాలేదని స్వయంగా చెప్పిన ఒక సభ్యుడి సంతకం రెండింటిమీద ఉంది. తక్కిన ఏడింటికోసం అప్పీలు వేశాడు. కథ మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాడు.