రాకెట్ గీతను పట్టే షట్టర్ కేబుల్
పిన్ను చూసి కొనకపోతే డబ్బు దండగ

సూళ్లూరుపేట: 2024 డిసెంబరు 30వ తేదీ రాత్రి 10 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సి60 రాకెట్ నింగికి లేచింది. మొదట 9 గంటల 58 నిమిషాలకని ప్రకటించి తర్వాత రెండు నిమిషాలు వెనక్కు జరిపారు. అంతకు రెండేళ్ల ముందు 2022 అక్టోబరు 23న అర్ధరాత్రి దాటాక 12 గంటల 7 నిమిషాలకు వన్‌వెబ్ ఉపగ్రహాలతో ఎల్‌వీఎం-3 లేచింది. పులికాట్ ఒడ్డు పల్లెలవారికి ఇలాంటి రాత్రులు కొత్త కాదు. ముందు తూర్పు దిక్కు పగలల్లే తెల్లబడుతుంది. ఆ వెలుగు పైకెక్కి పోతుండగా, ముప్పావు నిమిషం గడిచాక ఉరుములాంటి చప్పుడు నీళ్ల మీదుగా వచ్చి తలుపులు అదరగొడుతుంది. పదిహేను కిలోమీటర్ల దూరం ప్రయాణించడానికి ధ్వనికి అంత సమయం పడుతుంది మరి.

ఆ వెలుగు నేల నుంచి మబ్బుల దాకా ఒక్క గీతగా, విల్లులా వంగి కనిపించే ఫోటోలను పత్రికల్లో అందరూ చూసే ఉంటారు. అలాంటి ఫోటో ఒకటి తీసి పటం కట్టించి స్టూడియోలో తగిలించుకోవాలని ఈ చుట్టుపక్కల పెళ్లి ఫోటోలు తీసే కుర్రవాళ్లకు ఉబలాటం. కెమెరా ఉంది, మూడు కాళ్ల స్టాండూ ఉంది. అయినా ఫోటోలో గీత బదులు తెల్లటి చుక్కో, ముక్కలైన మెరుపో పడుతుంది. లోపం ఎక్కువ సందర్భాల్లో కెమెరాది కాదు. కొన్ని వందల రూపాయల షట్టర్ కేబుల్ లేకపోవడమో, ఉన్నది ఆ కెమెరాకు అతకకపోవడమో కారణం.

లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. పీఎస్ఎల్‌వీ మొదటి దశ దాదాపు 110 సెకన్లు మండుతుంది. ఎల్‌వీఎం-3 పక్కన ఉండే రెండు పెద్ద ఘన ఇంధన మోటార్లు రెండు నిమిషాలకు పైగానే మండుతాయి. మామూలు కెమెరాల్లో మీట తిప్పి పెట్టుకోగలిగిన అతి ఎక్కువ వ్యవధి చాలావరకు 30 సెకన్లే. అంటే గీతలో పావు వంతు పడేసరికి షట్టరు మూసుకుంటుంది. అంతకు మించి తెరిచి ఉంచాలంటే 'బల్బ్' అనే పద్ధతి ఒక్కటే దారి. ఈ బల్బుకూ ఇంట్లో వెలిగే బల్బుకూ సంబంధం లేదు. పూర్వం పెద్ద కెమెరాలకు రబ్బరు బుడ్డి ఒకటి గొట్టంతో తగిలించి ఉండేది. దాన్ని నొక్కితే గాలి పోయి షట్టరు తెరుచుకునేది, వదిలితే మూసుకునేది. బుడ్డి పోయినా పేరు మిగిలింది. ఇప్పటికీ బటను నొక్కి పట్టినంతసేపు షట్టరు తెరిచి ఉండడమే బల్బ్.

రెండు నిమిషాలు వేలితో కెమెరా బటను నొక్కి పట్టుకుంటే ఏమవుతుంది? ఎంత నిబ్బరంగల మనిషికైనా వేలు వణుకుతుంది. ఆ వణుకు కెమెరాకు పాకి, రాకెట్ గీత తాడు పేనినట్టు మెలికలు తిరుగుతుంది. చేయి కెమెరాకు తగలకుండా షట్టరును తెరిచి ఉంచేదే కేబుల్. రెండు సెకన్లు ఆగి తీసే సెల్ఫ్ టైమరు వణుకును తప్పిస్తుంది గాని 30 సెకన్ల హద్దును దాటించలేదు.

పిన్నులోనే ఉంది మెలిక

అన్ని కేబుళ్లూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. చేతిలో ఇమిడే బటను, దాని నుంచి మూరెడు వైరు, చివర పిన్ను. మొదట చూడవలసింది బటనును కాదు, ఆ పిన్నును. కంపెనీ పేరు ఒక్కటే చెప్పి కొన్నవారు మోసపోతారు. ఎందుకంటే ఒకే కంపెనీ కెమెరాలకు రెండు మూడు రకాల సాకెట్లు ఉన్నాయి.

కెనాన్‌లో 1500డి, 200డి, 80డి వంటి వాటికి ఆర్ఎస్-60ఇ3 రకం సరిపోతుంది. దీని పిన్ను ఇయర్‌ఫోన్ పిన్నులాగే ఉంటుంది గాని అంతకంటే సన్నం, 2.5 మిల్లీమీటర్లు. మైకు పెట్టే 3.5 మిల్లీమీటర్ల సాకెట్‌లో దీన్ని దూర్చి పని చేయలేదని తిరిగి ఇచ్చేవారు లేకపోలేదు. పెద్ద కెమెరాలైన 5డి శ్రేణికి, 7డి, 6డి లకు పూర్తిగా వేరే సాకెట్. దానికి కావలసింది ఎన్3 రకం, ఆర్ఎస్-80ఎన్3. ఈ పేర్లలోని 60, 80 అంకెలు వైరు పొడవును సెంటీమీటర్లలో చెబుతాయి.

నికాన్‌లో డి3200, డి5600, డి7200, డి750 వంటి వాటికి ఎంసీ-డీసీ2 రకం కావాలి. దాని వైరు మీటరు పొడవు. డి700, డి800, డి850, డి500 లకు పది పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది, దానికి ఎంసీ-30 వంటివి వస్తాయి. ఇక 2018లో వచ్చిన డి3500కు కేబుల్ సాకెట్టే లేదు. దానికి కేబుల్ అడిగితే తెలిసిన కొట్టువాడు నవ్వుతాడు, తెలియనివాడు ఏదో ఒకటి అంటగడతాడు. సోనీ ఆల్ఫా 6000, ఆల్ఫా 7 లకు మల్టీ టెర్మినల్ అనే సాకెట్‌లో పెట్టే ఆర్ఎం-వీపీఆర్1 రకం కావాలి.

అన్నింటికంటే చిత్రమైనది పానసోనిక్ సంగతి. దాని పిన్నూ 2.5 మిల్లీమీటర్లదే కాబట్టి కెనాన్ కేబుల్ చక్కగా దూరుతుంది. కాని లోపలి అమరిక వేరు. కెనాన్ కేబుల్లో ఉన్నది మూడు తీగలు, రెండు స్విచ్చులే. సగం నొక్కితే ఫోకస్ తీగ, పూర్తిగా నొక్కితే షట్టరు తీగ ఉమ్మడి తీగకు తగులుతాయి. పానసోనిక్ కేబుల్లో రెసిస్టర్లు ఉంటాయి. వాటి విలువను బట్టి కెమెరా సగం నొక్కారో పూర్తిగా నొక్కారో తెలుసుకుంటుంది. కాబట్టి పిన్ను దూరినంత మాత్రాన పని జరుగుతుందని నమ్మరాదు.

ఈ బాధ పాతకాలపు కెమెరాలకు లేదు. యాషికా మ్యాట్, పెంటాక్స్ కె1000 వంటివాటిలో మరచుట్టు ఉన్న కేబుల్ ఒక్కటి కొంటే అన్నింటికీ సరిపోయేది. లోపల కరెంటు లేదు, సన్నటి ఇనుప ఊచ కదలడమే. తాతల నాటి స్టూడియో పెట్టెల్లో అలాంటివి ఇప్పటికీ దొరుకుతాయి. ఫ్యూజీ ఎక్స్-టీ3 వంటి కొన్ని కొత్త కెమెరాల బటను మధ్యలోనూ ఆ మర ఉంది, పాత కేబుల్ బిగించి చూసుకోవచ్చు.

కొట్టులోనే పరీక్ష

కాబట్టి కెమెరాను వెంట తీసుకుపోకుండా కేబుల్ కొనడం తెలివి తక్కువ. కంపెనీ కేబుల్ ధరలో చిన్న వంతుకే బయటి తయారీవి దొరుకుతాయి. రాకెట్ ఫోటోకు అవి చాలు. మధ్యలో గాజు తెర, అంకెలు ఉన్న టైమరు రకం నక్షత్రాల ఫోటోలకు పనికివస్తుంది గాని దానికి వేరే బ్యాటరీలు కావాలి. అవి సరిగ్గా అవసరమైన రాత్రే అయిపోతాయి. మామూలు కేబుల్‌కు బ్యాటరీ అక్కర్లేదు.

కెమెరాను బల్బ్‌లో పెట్టి బటను సగం నొక్కితే ఫోకస్ కదలాలి, పూర్తిగా నొక్కితే షట్టరు తెరుచుకోవాలి. తర్వాత బటనును ముందుకు జరిపితే గొళ్లెం పడినట్టు నిలిచిపోవాలి. ఇదే తాళం. తాళం లేని కేబుల్ ఎంత చౌకైనా వద్దు. తాళం వేసి ఉంచి, పిన్ను దగ్గర వైరును మెల్లగా ఇటూ అటూ కదిపి చూడాలి. టక్కుమని షట్టరు మూసుకుపోతే కనెక్షన్ వదులని అర్థం. పులికాట్ గాలికి అదే జరుగుతుంది, మళ్లీ రాత్రి ప్రయోగం దాకా ఎదురుచూడవలసిందే.

ఒడ్డున గాలి ఎక్కువ. వేలాడే వైరు ఊగి కెమెరాను కదిపిస్తుంది గనుక దాన్ని రబ్బరు బ్యాండుతో స్టాండు కాలికి కట్టాలి, కాని పిన్ను దగ్గర కొంత వదులు ఉంచాలి. స్టాండు నడుమ బరువైన సంచీ తగిలిస్తే ఇంకా నయం. ఉప్పు గాలికి పిన్ను చిలుము పడుతుంది. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టుకోవాలి.

కొన్న కేబుల్‌ను నేరుగా ప్రయోగం రాత్రి బయటికి తీయరాదు. సూళ్లూరుపేట మీదుగా పోయే చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి పక్కన, బండ్లకు దూరంగా ఏ మేడ మీదనో స్టాండు నిలిపి లారీల ఎర్ర దీపాలను రెండు నిమిషాలు బల్బ్‌లో తీస్తే చేతికి పని అలవాటవుతుంది. గీతలు నున్నగా వస్తే కేబుల్ మంచిదే, వణికితే తప్పు ఎక్కడుందో వెతుక్కోవచ్చు.

రాకెట్ మంట కళ్లు మిరుమిట్లు గొలిపేంత వెలుగు. అందుకే ఐఎస్ఓ 100, లెన్సు ద్వారం ఎఫ్-11 నుంచి ఎఫ్-16 దాకా పెట్టుకుని, ఫోకస్‌ను ముందే దూరపు దీపం మీద సరిచేసి చేతి పద్ధతిలోకి మార్చి వదిలేయాలి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనేదాన్ని కట్టివేయడం మరవరాదు. లేకుంటే రెండు నిమిషాల ఫోటో తర్వాత కెమెరా మరో రెండు నిమిషాలు తన పనిలో పడి చప్పుడు చేయదు, ఆలోగా పొగ చెదిరిపోతుంది. లెక్క సున్నాకు రాగానే బటను నొక్కి తాళం వేయాలి, వెలుగు మసకబారి మబ్బుల్లో కలిసినప్పుడు తాళం తీయాలి.