ప్రభుత్వమునకును చట్టమే హద్దు

తూర్పు కనుమలలోని బొర్రా గుహల పరిసరమున గిరిజనులు తరతరములుగా సేద్యము చేయుచున్నారు. షెడ్యూల్డు ప్రాంతమునందలి భూమిని గిరిజనేతరులకు ఏ వ్యక్తియు బదిలీ చేయరాదని 1970 నాటి నిబంధన శాసించుచున్నది. అయినను ప్రభుత్వమే అచట ప్రైవేటు సంస్థలకు గనులను కౌలుకిచ్చినది. గనులవలన సంపద పెరుగునని కొందరు వాదించిరి; అడవియు పొలమును పోయినచో గిరిజనునకు బ్రతుకుతెరువేదని మరికొందరు ప్రశ్నించిరి.

‘సమత’ యను సంస్థ న్యాయస్థానము నాశ్రయించినది. నిబంధనలోని ‘వ్యక్తి’ యను పదమున ప్రభుత్వమును చేరునా? ఇదియే ముఖ్య ప్రశ్న. చేరునని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ప్రభుత్వ భూమినైనను అచట గిరిజనేతరులకు కౌలుకీయరాదు. గనులను ప్రభుత్వరంగ సంస్థగాని, గిరిజనుల సహకార సంఘముగాని త్రవ్వవచ్చును.

బాలలారా! కంచెయే చేను మేసినచో కాపాడువారెవరు? చట్టము చేసినవారును దానికి లోబడినప్పుడే బలహీనునకు రక్షణ కలుగును.