మతం అడగని తలుపు

ఏలూరు, తాడేపల్లిగూడెం పేటల్లో, కొల్లేటి ఊళ్లలో దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన దళిత స్త్రీ గోడు ముందు పెద్దల్లోకే పోతుంది. వాళ్లు సర్దుకుపొమ్మంటారు, లేదంటే స్టాంపు కాగితం మీద తెగతెంపులు రాయిస్తారు. ఆ కాగితంతో విడాకులైపోయాయనుకోవడం పొరపాటు. హిందూ వివాహ చట్టం (1955) కులాచారపు విడాకుల్ని ఒప్పుకున్నా, ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి. చర్చిలో పెళ్లయిన క్రైస్తవులకు ఆ వెసులుబాటూ లేదు.

మన వాడల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెళ్లేమో చర్చిలో, సర్టిఫికెట్లో మాత్రం హిందూ మాల, హిందూ మాదిగ. క్రైస్తవులకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. 2001 సవరణకు ముందు భర్త క్రూరత్వం ఒక్కటే చూపితే భార్యకు విడాకులు రాలేదు, వ్యభిచారం కూడా రుజువు చేయాల్సొచ్చేది. ఇప్పుడు క్రూరత్వం చాలు. కానీ ఆ కోర్టుకెక్కాలంటే దంపతుల్లో ఒకరైనా క్రైస్తవులై ఉండాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. పిటిషన్‌లో రాసిన మాట రేపు సర్టిఫికెట్టుకు ఎసరు పెడుతుందేమోనని ఆమె వెనకాడితే అది తెలివితక్కువతనం కాదు, రాజ్యం వేసిన మెలిక.

అందుకే విడాకులకన్నా ముందు మతం అడగని తలుపు తట్టమంటున్నాం. అది 2005 గృహహింస చట్టం. హింస ఆపమని, ఇల్లు భర్త పేరనున్నా ఆమెను వెళ్లగొట్టొద్దని, ఖర్చులివ్వమని మేజిస్ట్రేటు ఉత్తర్వివ్వొచ్చు. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు. మెట్టినిల్లు గూడెంలో ఉన్నా, తలదాచుకున్నది ఏలూరులో అయితే ఏలూరులోనే కేసు వేయొచ్చు. 2022లో జిల్లాలు వేరైనా ఈ హక్కు పోలేదు. మనోవర్తికీ మతం అడ్డు కాదు. పాత 125వ సెక్షనే 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వది.

వకీలు ఫీజు సంగతా? 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీ అయితే చాలు, ఉచితంగా వకీలునిస్తారు. కుల సర్టిఫికెట్టూ, ఆదాయ పరిమితీ అడ్డురావు. ఫోను 15100. ఆపదలో 181.

ఈ ఉత్తర్వులతో పెళ్లి రద్దు కాదు. మళ్లీ పెళ్లాడాలంటే విడాకుల డిక్రీ కావాల్సిందే. ఏ చట్టం కిందన్నది దెబ్బలు లేని చోట కూర్చుని, వకీలుతో మాట్లాడి తేల్చుకోవచ్చు. ఈలోగా కార్యకర్తలూ, టీచర్లూ చేయాల్సినవి రెండు: ఆస్పత్రి చీటీలు దాచిపెట్టించండి, చదివి వినిపించని కాగితం మీద ఆమెను వేలిముద్ర వేయనివ్వకండి.